ఏ రాజ్యమైతే ఏటి, అంట్లు తోమేది ఎవరు?

కిందటి నెల ఈ శీర్షికలో ఒకరికి జవాబిస్తూ "రాజ్యం ఎవరిదైనా అంట్లు తోమేది మాత్రం ఆడదే" అని ఒక ముక్క రాశాను. అంతే, ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు కుప్పపడ్డాయి. కొందరు నన్ను కమ్యూనిస్టుని చేశారు, కొందరు కమ్యూనిస్టుల శత్రువుని చేశారు, చీపురుపల్లి నుంచి ఒకాయనైతే నన్ను ఉద్యోగం మాన్పించి వంటింట్లో కూర్చోబెట్టాలని రాశాడు (రిటైరై ఇంట్లోనే ఉన్నాను బాబూ, కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పే రోజులు అయిపోయాయి). అందుకని ఈ సంచిక మొత్తం ఈ గొడవకే. తిట్లు పక్కన పెట్టి ప్రశ్న ఉన్న ఉత్తరాలే తీసుకున్నాను. పేర్లు వద్దన్నవాళ్లే ఎక్కువ కాబట్టి ఎవరి పేరూ వేయలేదు.

మేడమ్, మా కాలేజీలో డిబేట్ పెట్టారు. టాపిక్ "స్త్రీ పురుష సమానత్వం సోషలిజంలోనే సాధ్యం". నాకు అవును అనే పక్షం వచ్చింది, నా ఫ్రెండ్‌కి కాదు అనే పక్షం. నెట్‌లో వెతికితే అన్నీ నినాదాలే. చాలా టెన్షన్‌గా ఉంది, పాయింట్లు చెప్పండి.
– డిగ్రీ విద్యార్థిని, విజయనగరం

టెన్షన్ ఎందుకమ్మా, నీ పక్షంలో సరుకు బాగానే ఉంది. 1917 మార్చి 8న అప్పటి రష్యా రాజధాని పెట్రోగ్రాడ్‌లో రొట్టె కోసం సమ్మె కట్టి వీధిలోకి వచ్చింది బట్టల మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్లు. వారం తిరిగేసరికి జారు చక్రవర్తి గద్దె దిగాడు. అక్కణ్నుంచి మొదలుపెట్టు. ఆ ఏడాది చివర్లో బోల్షివిక్కులు, అంటే లెనిన్ కమ్యూనిస్టులు, వచ్చారు, 1918లో వాళ్లు చేసిన కుటుంబ చట్టం పెళ్లిలో భర్త పెత్తనాన్ని తీసేసింది, విడాకులు తేలిక చేసింది, పెళ్లి కాని తల్లికి పుట్టిన బిడ్డకీ అందరు పిల్లలతో సమానంగా హక్కులిచ్చింది. 1920లో గర్భస్రావాన్ని చట్టబద్ధం చేసిన మొదటి దేశం కూడా అదే. ఉమ్మడి వంటశాలలు, పసిపిల్లల క్రెష్‌లు, ఆడవాళ్ల కోసమే పార్టీలో 1919లో పెట్టిన ప్రత్యేక విభాగం, ఇవన్నీ వంటిల్లు ఆడదాని మెడకి గుదిబండ అని ఒప్పుకుని చేసిన పనులు. అమెరికాలో ఆడవాళ్లకి దేశమంతటా ఓటు వచ్చింది 1920లో అని పక్కనే చెప్పు, జడ్జీలు తలూపుతారు. 1963లో సోవియట్ మహిళ వాలెంతీనా తెరిష్కోవా అంతరిక్షంలోకి వెళ్లొచ్చింది, అమెరికా తన మొదటి మహిళని పంపడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది.

ఇప్పుడు నీ ఫ్రెండ్ ఏమంటుందో కూడా చెప్తాను, అది తెలియకుండా స్టేజీ ఎక్కితే మొదటి ప్రశ్నకే తడబడతావు. ఆ మహిళా విభాగాన్ని 1930లో మూసేశారు, ఇక ఆడవాళ్ల సమస్య తీరిపోయింది కదా అన్నట్టు. 1936లో స్టాలిన్ హయాంలో గర్భస్రావాన్ని మళ్లీ నేరం చేశారు, 1955 దాకా అలాగే ఉంచారు. ఇదేంటి అని అడగడానికి ఆడవాళ్లకి సొంత సంఘం లేదు, పత్రిక లేదు, ఇంకో పార్టీ లేదు. ఇచ్చినవాళ్లే లాక్కున్నారు, అంతే. డాక్టర్లలో సగానికి పైగా ఆడవాళ్లే ఉన్న దేశంలో, డెబ్భై ఏళ్లలో పార్టీ పై కమిటీ పొలిట్‌బ్యూరోలో కూర్చున్న ఆడవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పగలు ఫ్యాక్టరీ, సాయంత్రం సరుకుల క్యూ, రాత్రికి వంట.

అయితే ఆ అమ్మాయి అక్కడితో ఆగకుండా ప్రజాస్వామ్యమే గొప్పదని ఊదరగొడితే, నువ్వు స్విట్జర్లాండ్ బయటికి తియ్యి. ప్రతిదానికీ ప్రజల ఓటు అడిగే దేశం అది. ఆడవాళ్లకి ఓటివ్వాలా అని 1959లో అడిగారు, ఓటున్నది మగాళ్లకే కాబట్టి మూడింట రెండొంతులమంది వద్దన్నారు. చివరికి 1971లో వచ్చింది. అప్పెంజెల్ ఇన్నర్‌రోడెన్ అనే ఒక చిన్న రాష్ట్రంలోనైతే స్థానిక ఓటు 1990లో కోర్టు చెప్తే గానీ రాలేదు. పదిమంది చేతులెత్తారు కాబట్టి న్యాయమే అనుకునేవాళ్ల నోరు మూయించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

నా అభిప్రాయం నువ్వు అడగలేదు, అయినా చెప్తాను. సోషలిజం తలుపు తెరుస్తుంది అంటే ఒప్పుకుంటాను, తలుపు అదొక్కటే అంటే ఒప్పుకోను. తెరిచిన తలుపుని రేపు ఎవరైనా మూయబోతే అడ్డం నిలబడే హక్కు ఆడవాళ్ల చేతిలో ఉందా లేదా, నేను చూసేది అది.

ప్రజాస్వామ్యం, సోషలిజం, రెంట్లో ఒకటే ఎంచుకోవాలంటే మీరు దేన్ని ఎంచుకుంటారు? తప్పించుకోకుండా చెప్పండి.
– ప్రైవేటు ఉద్యోగి, రాజాం

ఒకటే ఎంచుకోమని ఎవరన్నారండీ? ఒకటి రాజ్యాన్ని ఎవరు నడపాలి అన్నదాని గురించి, రెండోది పొలం, మిల్లు, బ్యాంకు ఎవరి సొత్తు అన్నదాని గురించి. రెండూ కలవొచ్చు, రెండూ లేకుండానూ పోవచ్చు. స్వీడన్‌లో సోషల్ డెమొక్రాట్లు 1932 నుంచి 1976 దాకా దాదాపు తెంపు లేకుండా ఏలారు, ఎన్నికల్లో గెలిచే ఏలారు, అక్కడి ఫ్యాక్టరీలు చాలామటుకు ప్రైవేటువే. కేరళలో 1957లో కమ్యూనిస్టులు ఓటు పెట్టెలోంచే వచ్చారు. ఆ మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రిగా భూసంస్కరణల బిల్లు తెచ్చింది కె.ఆర్. గౌరి. 1987 ఎన్నికల్లో ఆమే ముఖ్యమంత్రి అన్నట్టు ప్రచారం సాగింది, గెలిచాక కుర్చీ నాయనార్‌ది అయింది, 1994లో ఆమెని పార్టీలోంచే పంపేశారు. మీరు ఏ వ్యవస్థని పొగిడినా గౌరి కథ ఒకటి దగ్గర పెట్టుకుని పొగడండి. (మన రాష్ట్రానికి ఇంతవరకూ మహిళా ముఖ్యమంత్రే లేదు కాబట్టి కేరళని చూసి నవ్వే వీలు మనకి లేదు.)

అమ్మా, ఉభాలకి (వరినాట్లకి) ఆడకూలీకి ఒక రేటు, మగకూలీకి ఒక రేటు మా తాతల నాటి నుంచీ ఉంది. బరువు పని మగోళ్లది, ఎక్కువ బరువుకి ఎక్కువ కూలి. ఇందులో అన్యాయం ఏటుంది? అసలే ఉపాధి పని వచ్చాక కూలీలు దొరకడం లేదు.
– రైతు, ఆమదాలవలస మండలం

ఏటుందో చెప్తాను బాబూ. ఉభాల రోజున మీ మడిలో మగాళ్లు ఆకు తీసి, కట్టలు కట్టి, మోసుకొచ్చి పడేస్తారు. గట్టి పనే, కాదనను. ఆడవాళ్లు పొద్దున్నుంచీ నడుం వంచి, పిక్కల దాకా బురదలో, ఒక్కో అడుగూ వెనక్కేసుకుంటూ నాటుతారు. వానొస్తే నెత్తిన ప్లాస్టిక్ కాగితం కప్పుకుంటారే గాని పని ఆపరు. సాయంత్రం గట్టెక్కాక కాసేపటి దాకా నడుం నిటారుగా నిలబడదు, కాలివేళ్ల సందులు పాసిపోయి ఉంటాయి. ఒక్కపూట మీరు నాటి చూడండి అని సవాలు చేయను, మీరు చేయరు, చేస్తే ఊళ్లో నవ్వుతారు. అసలు కిటుకు ఆ నవ్వులో ఉంది. ఏ పని ఆడవాళ్లదైతే అది తేలిక పని కింద జమ అయిపోతుంది.

పలాస, కాశీబుగ్గ జీడిపప్పు ఫ్యాక్టరీల్లోకి తొంగిచూడండి. బాయిలర్ దగ్గర, బస్తాల దగ్గర మగాళ్లు. పప్పు మీద పొట్టు తీసేది, గుండు వేరు, బద్ద వేరు, ముక్క వేరు చేసి గ్రేడు కట్టేది ఆడవాళ్లు. పిక్క పెంకులో ఉండే జీడి చేతికంటితే తోలు ఊడుతుంది, వేళ్లు నల్లబడతాయి. పప్పు విరిగితే రేటు పడిపోతుంది, అంటే యజమాని లాభం సగం ఆ వేళ్ల చలవే. పొందూరు వెళ్తే ఇంకా విచిత్రం. కొండపత్తిని వాలుగ చేప దవడతో దువ్వి చెత్త తీసి, ఏకి, ఆ ఏకుల్ని పాడవకుండా ఎండిన అరటి దొప్పలో దాచుకుని, వెంట్రుకలాంటి నూలు వడికేది ఆడవాళ్లే. నేర్పుకి రేటు కట్టే లోకమైతే ఆ ముసలమ్మలకి దక్కాల్సింది మనూళ్లో ట్రాక్టర్ డ్రైవరు కంటే ఎక్కువ. బరువుకి రేటు అన్నది మగాడి పనిని ముందే దగ్గర పెట్టుకుని రాసుకున్న లెక్క.

రాజ్యాంగంలో 39(డి) అధికరణం సమాన పనికి ఆడామగా సమాన వేతనం అంది, 1976లో దానికో చట్టం కూడా వచ్చింది. మనం ఏం చేశామంటే పనినే రెండుగా విడగొట్టుకున్నాం, ఇది ఆడపని, అది మగపని అని, ఇక సమానం అన్న ప్రశ్నే రాదు కదా. ఉపాధి హామీ ఆ గోడకి కన్నం పెట్టింది. 2005లో చట్టం వచ్చింది, 2006 మొదటి విడతలోనే విజయనగరం జిల్లా ఉంది. చెరువు పూడిక, గట్టు పని ఆడామగా ఒకే గ్రూపులో చేసి ఒకే రేటు తీసుకున్నారు. కూలీలు దొరకడం లేదని మీరు రాశారు. మీకది కష్టమే, ఒప్పుకుంటాను, ఎరువుల ధర, నీటి ఎద్దడి అన్నీ మీ నెత్తినే ఉన్నాయి. కానీ వాళ్ల వైపు నుంచి చూస్తే, బుగత చెప్పిన రేటుకి రానని ఒక ఆడకూలీ అనగలగడం మన పల్లెల్లో అదే మొదలు.

మన జిల్లాలో జమీందార్ల మీద పోరాడారు, కొండల్లో పోరాడారు. భూమి వచ్చింది. ఆడవాళ్లు కూడా ప్రాణాలిచ్చారు. మరి వాళ్ల వాటాకి ఏం వచ్చింది?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, సోంపేట

మాస్టారూ, ఇది ప్రశ్న కాదు, నిలదీత. 1940 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ మహాసభలు పలాసలో జరిగాయి, దేశం నలుమూలల నుంచీ నాయకులొచ్చారు. అదే ఏడాది మందస జమీందారీలో గుడారి రాజమణిపురం దగ్గర పోలీసు కాల్పుల్లో సాసుమాన గున్నమ్మ చనిపోయింది, అప్పటికి ఆమె గర్భిణి. 1948లో మద్రాసు రాష్ట్రం జమీందారీ రద్దు చట్టం చేసింది, పట్టాలు వచ్చాయి, పట్టాల మీద మగాళ్ల పేర్లు వచ్చాయి. దున్నేవాడికే భూమి అన్నారు, నాటేదాని సంగతి ఎవరూ ఎత్తలేదు.

గిరిజన పోరాటంలోనూ అంతే. 1967 నుంచి 1970 దాకా కొండల్లో, ఉద్దానంలో నడిచిన ఆ పోరాటంలో పంచాది నిర్మల 1969 డిసెంబరులో చనిపోయింది. సాయుధ పంథా మీద నాకు భిన్నాభిప్రాయం ఉంది, అది వేరే సంగతి. దాని వేడికే ప్రభుత్వం కదిలి 1/70 చట్టం తెచ్చింది, ఏజెన్సీ భూమి గిరిజనేతరుడి చేతికి పోకుండా కట్టడి చేసింది, చాలా పెద్ద మేలు. అయితే ఆ గిరిజన ఇంట్లో భూమి అన్నదా, చెల్లెలిదా అని అది అడగలేదు. ఇప్పటికీ హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డు తెగలకి వర్తించదు. అంటే సవర, జాతాపు ఆడపిల్లకి ఆ చట్టం ఇచ్చిన వాటా హక్కు అందదు, ఆచారం ఎలా ఉంటే అలా.

మిగతావాళ్ల సంగతికొస్తే, తండ్రి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో పాటు కూతురికీ పుట్టుకతోనే హక్కు అని మన రాష్ట్రంలో 1986లో చట్టం చేశారు, 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు. అప్పటికే పెళ్లయినవాళ్లకి లేదన్నారు. చేసింది ఎన్.టి. రామారావు ప్రభుత్వం, ఆయన్ని ఎవరూ సోషలిస్టు అనలేదు. కేంద్రం దేశమంతటికీ అదే హక్కు 2005లో ఇచ్చింది, 2005 నాటికి తండ్రి బతికుండాలా అన్న గొడవని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చేసింది, అక్కర్లేదు, హక్కు పుట్టుకతో వచ్చిందే అని. కాగితం మీద ఇంతకంటే కావాల్సింది లేదు.

మరి ఊళ్లో? సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు బయట చెట్టు కింద ఏ రోజైనా నిలబడండి. అక్కచెల్లెళ్లు వరసగా వచ్చి హక్కు విడుదల కాగితం మీద సంతకం పెట్టి, తమ్ముడు కొనిచ్చిన కూల్‌డ్రింక్ తాగి, చీర కవరు పట్టుకుని బస్సెక్కుతారు. బలవంతం ఏమీ ఉండదు. కట్నం ఇచ్చాం కదా అని ఒక మాట, రేపు పుట్టింటికి ఏ ముఖం పెట్టుకుని వస్తావు అని ఇంకో మాట, అంతే చాలు. 2015–16 వ్యవసాయ గణనలో దేశంలోని సాగు కమతాల్లో ఆడవాళ్ల చేతిలో ఉన్నవి సుమారు 14 శాతం, మన రాష్ట్రం అంతకంటే మెరుగే, అయినా సగానికి చాలా దూరం. మీరు అడిగారు కాబట్టి చెప్తున్నాను మాస్టారూ, భూమి పంచిన చట్టాలన్నీ కుటుంబాన్ని ఒక్క మనిషిగా లెక్కేసి, ఆ మనిషికి మీసాలు పెట్టాయి.

ఈ ఓట్లు, పార్టీలు, మహిళా సంఘాలు అన్నీ వేస్ట్. చైనాలాగ గట్టి నాయకుడు ఒక్కడుంటే ఆడామగా అందరూ లైన్‌లో ఉంటారు. అదే సమానత్వం.
– బొబ్బిలి

లైన్‌లో నిలబడాల్సిన వాళ్లలో మీరూ ఉంటారు తమ్ముడూ, అది మర్చిపోయినట్టున్నారు. మన దేశంలో ఆ ముచ్చట 1975–77 ఎమర్జెన్సీలో కొంచెం తీరింది. 1976–77 ఒక్క ఏడాదిలో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు, అందులో ఎక్కువ భాగం మగాళ్లకి. టీచర్లకి, గుమాస్తాలకి టార్గెట్లు, కోటా నిండకపోతే జీతం ఆగడం. 1977 ఎన్నికల్లో ఉత్తరాది జనం కసి తీర్చుకున్నారు. ఆ దెబ్బతో ఏ ప్రభుత్వమూ మళ్లీ మగాళ్ల జోలికి పోలేదు, ఆపరేషన్ అంటే ఆడవాళ్లదే అన్నట్టు భారం అటు జరిగిపోయింది. గట్టి నాయకత్వం మగాడికి చేసిన నొప్పిని కూడా చివరికి ఆడదే మోసింది చూడండి.

చైనా 1950లో చేసిన పెళ్లి చట్టం నిజంగా గొప్పది, బలవంతపు పెళ్లిళ్లు, బాల్యవివాహాలు, రెండో భార్యలు అన్నిటినీ ఒక్క కలంపోటుతో కొట్టేసింది. అదే రాజ్యం 1980 ప్రాంతం నుంచి 2015 దాకా ఎవరు ఎంతమందిని కనాలో ఆఫీసులో తేల్చింది, ఇప్పుడేమో కనండమ్మా కనండి అంటోంది. ఈ రెండు నిర్ణయాలూ చేసిన బల్ల చుట్టూ ఆడవాళ్లు దాదాపు లేరు. 2022లో ఏర్పడిన పొలిట్‌బ్యూరోలో 24 మంది, ఒక్క ఆడమనిషి లేదు.

ఆడవాళ్లు ఉన్నంత మాత్రాన సరిపోతుందా అంటే అదీ కాదు. రువాండా పార్లమెంటు దిగువ సభలో 60 శాతానికి పైగా ఆడవాళ్లే, ప్రపంచంలో ఇంకెక్కడా లేనంత. అదే దేశంలో 2017లో అధ్యక్ష పదవికి పోటీ చేస్తానన్న దియాన్ ర్విగారా అనే ఆమెని పోటీలోంచి తప్పించి, తర్వాత జైల్లో పెట్టారు. 2018లో కోర్టు ఆమె నిర్దోషి అంది, ఈలోపు ఎన్నిక అయిపోయింది.

రాజ్యాంగ పీఠికలో సోషలిస్టు అని ఉంది కదా, అది అంబేద్కర్ పెట్టిందేనా? తీసేస్తే ఆడవాళ్లకి నష్టమా?
– పోటీ పరీక్షల అభ్యర్థి, శ్రీకాకుళం

కాదు. 1948 నవంబరులో రాజ్యాంగ సభ సభ్యుడు కె.టి. షా ఆ మాట చేర్చాలన్నారు, ఏ ఆర్థిక పద్ధతి కావాలో రాబోయే తరాలు తేల్చుకోవాలి, రాజ్యాంగంలో కట్టిపడేయకూడదని అంబేద్కర్ వద్దన్నారు, ఆదేశిక సూత్రాల్లో ఆ సారం ఎలాగూ ఉందని కూడా అన్నారు. 1976లో 42వ సవరణ ద్వారా చేర్చారు. తీసేయాలని వేసిన పిటిషన్లని 2024 నవంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆడవాళ్లకి నేరుగా పనికొచ్చేవి సమానత్వం గురించి చెప్పే 14, 15, 16 అధికరణాలు. ముఖ్యంగా 15(3), ఆడవాళ్ల కోసం ప్రత్యేక ఏర్పాట్లు చేయొచ్చని చెప్పేది. ఇవన్నీ 1950 నుంచే ఉన్నాయి. పరీక్షలో 1976 అని రాయి, మార్కులు పడతాయి. ఆడవాళ్లకి ఆస్తి, విడాకుల హక్కులిచ్చే హిందూ కోడ్ బిల్లు ముందుకు సాగనివ్వడం లేదని 1951లో అంబేద్కర్ మంత్రి పదవికి రాజీనామా చేశారని కూడా రాస్తే ఇంకా మంచిది.

ఇంటి పనికి ప్రభుత్వం జీతం ఇవ్వాలని టీవీలో అంటున్నారు. మా ఆయనైతే "నేను తెచ్చేదంతా నీకే కదా, ఇంకా జీతమేంటి" అంటారు. మీరేమంటారు?
– గృహిణి, సాలూరు

మీ ఆయన తెచ్చేదంతా మీదే అయితే ఈసారి మీ చెల్లెలి పెళ్లికి పదివేలు ఆయన్ని అడక్కుండా పంపి చూడండి, జవాబు ఆయనే చెప్తారు.

2024లో కేంద్రం చేసిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటి పనికి ఆడవాళ్లు రోజుకి సగటున 289 నిమిషాలు పెడుతున్నారని తేలింది, అంటే దాదాపు అయిదు గంటలు. మగాళ్లు 88 నిమిషాలు. రెండూ ఏదో ఒక ఇంటి పని చేసేవాళ్ల లెక్కే. జీతం మీద మాత్రం నేను మీతో లేను. నెలకి ఇంత అని ప్రభుత్వం చేతిలో పెట్టిందంటే ఆ పని ఇక శాశ్వతంగా మీ ఉద్యోగం అయిపోతుంది, మీ అబ్బాయికి గరిటె పట్టుకునే అవసరం ఎప్పటికీ రాదు. క్యూబా ఇంకో దారి తొక్కింది, 1975 కుటుంబ చట్టంలో ఇంటి పని, పిల్లల పెంపకం మొగుడూ పెళ్లాం ఇద్దరిదీ అని రాసేసింది. రాశారు సరే, ఇంటింటికీ వెళ్లి చూసేదెవరు? స్వీడన్ చేసింది నాకు నచ్చుతుంది. 1974లో బిడ్డ పుట్టాక ఇచ్చే సెలవు తండ్రికీ వర్తించేలా చేశారు, తండ్రులు తీసుకోకపోతే 1995లో ఒక నెల తండ్రికే కేటాయించారు, వాడకపోతే ఆ నెల పోతుంది. పోతుందనేసరికి కదిలారు. ఆ సెలవు డబ్బులు కూడా కంపెనీ జేబులోంచి కాదు, సామాజిక బీమాలోంచి వస్తాయి. మన దగ్గర 2017లో ప్రసూతి సెలవు 26 వారాలు చేశారు, సంతోషం, కానీ జీతం మొత్తం యజమాని మీద వేశారు, దాంతో కొత్తగా పెళ్లయిన అమ్మాయిని పనిలో పెట్టుకోవడానికి యజమాని వెనకాడతాడు. మంచి చట్టమే, డబ్బు ఎవరు పెట్టాలన్న దగ్గర తన్నేసింది.

ఇంకో దారి కూడా ఉంది, ఐస్‌లాండ్‌ది. 1975 అక్టోబరు 24న ఆ దేశంలో 90 శాతం ఆడవాళ్లు ఆఫీసు పనీ చేయలేదు, ఇంటి పనీ చేయలేదు. మగాళ్లు పిల్లల్ని వెంటబెట్టుకుని ఆఫీసులకి వెళ్లారు. సాలూరులో ప్రయత్నిస్తానంటే నాకు ముందే కబురు పెట్టండి, నేనూ వస్తాను.

అప్పా, నేను మా ఊరి సర్పంచ్‌ని. రిజర్వేషన్‌లో వచ్చింది. అందరూ మా ఆయన్నే సర్పంచ్ గారూ అంటారు, మండల మీటింగుకీ ఆయనే వెళ్తారు, నేను ఎక్కడ చెప్తే అక్కడ సంతకం పెడతాను. ఆయన మంచోడే, కొట్టడు, తిట్టడు. నాకే ఎందుకో బాధగా ఉంటుంది. రిజర్వేషన్ ఉండి ఉపయోగమేంటి?
– టెక్కలి ప్రాంతం

బాధగా ఉండటమే మంచి లక్షణం చెల్లీ. 1951–52లో మొదటి సాధారణ ఎన్నికలప్పుడు ఫలానావారి భార్య, ఫలానావారి కూతురు అని మాత్రమే చెప్పి తమ పేరు చెప్పని ఆడవాళ్లని జాబితాలోంచి తీసేయాల్సి వచ్చింది, దేశం మొత్తం మీద సుమారు 28 లక్షల మందిని. పేరు చెప్పని ఆ తరం నుంచి బ్యాలెట్ మీద పేరు పడి గెలిచిన మీ దాకా వచ్చాం. 1993లో 73వ సవరణ అమల్లోకి వచ్చి పంచాయతీల్లో మూడో వంతు అంది, మన రాష్ట్రం దాన్ని సగానికి పెంచింది. అసెంబ్లీకి, లోక్‌సభకి మూడో వంతు అని 2023లో చట్టం చేసినవాళ్లు మాత్రం దాన్ని జనగణనకీ నియోజకవర్గాల పునర్విభజనకీ ముడిపెట్టారు. మీ కుర్చీ ఇచ్చినంత తేలిగ్గా పెద్దోళ్లు తమ కుర్చీ ఇవ్వరన్నమాట.

ఉపయోగం లేకపోలేదు. పశ్చిమ బెంగాల్, రాజస్థాన్ పంచాయతీల్ని పరిశీలించి రాఘవేంద్ర చటోపాధ్యాయ్, ఎస్తేర్ డఫ్లో 2004లో ఒక అధ్యయనం వేశారు. ఆడవాళ్లకి రిజర్వు చేసిన చోట మంచినీళ్ల మీద ఖర్చు పెరిగింది, ఎందుకంటే నీళ్లు మోసేది ఆడవాళ్లు, అడిగేదీ వాళ్లే. మీ ఆయన మంచివాడే కావచ్చు, బిందె మాత్రం ఆయన మోయడు కదా, నీళ్ల పని ఆయన జాబితాలో సీసీ రోడ్డు తర్వాతే వస్తుంది.

ఇంట్లో యుద్ధం పెట్టుకోమని చెప్పను. రేపు ఉదయం పంచాయతీ కార్యదర్శిని పిలిచి, తీర్మానాల పుస్తకం మీ ముందు పెట్టి చదివి వినిపించమనండి, చదివాకే సంతకం అని చెప్పండి. ఒకసారి చెప్తే వాళ్లు అలవాటు పడతారు. డబ్బు చెల్లింపులకి వాడే డిజిటల్ సంతకం కీ ఎవరి దగ్గరుందో చూడండి, మీ బీరువాలో ఉండాలి, ఆయన చొక్కా జేబులో కాదు. మండల మీటింగుకి వెళ్లేటప్పుడు వార్డు మెంబర్లలో ఇంకో ఇద్దరు ఆడవాళ్లని తోడు తీసుకెళ్లండి, మీ ఆయన బండి మీద దింపుతానంటే దింపమనండి, లోపలికి మాత్రం మీరే వెళ్లండి. సర్పంచ్ బదులు భర్తలు పెత్తనం చేయడం మీద కేంద్రం వేసిన కమిటీ అలాంటివాళ్లకి శిక్షలు ఉండాలని సిఫారసు చేసిందని ఆయనకి మెల్లగా చెవిన వేయండి, బెదిరింపుగా కాదు, వార్తలాగ. గ్రామసభకి ఆయన్ని రావద్దనకండి, రమ్మనండి, వచ్చి జనంలో కూర్చోమనండి. అజెండా మీరు చదవండి, గొంతు వణికినా పర్వాలేదు. మొదటి అంశంగా కుళాయిలు పెట్టండి, టైము మాత్రం మధ్యాహ్నం మూడు తర్వాత పెట్టండి, పొలం పనులు, వంట ముగించుకుని ఆడవాళ్లు వచ్చేది అప్పుడే.